ఖాళీ గిన్నెలు ముందుకు

మంగళవారం మధ్యాహ్నం బడి వంటగదిలో ఆఖరి గుండిగ తోమి, రబ్బరు తొడుగులు విప్పి ఫోను చేతిలోకి తీసుకుంటే తెర మీద ‘సర్వీస్ లేదు’ అని కనిపించింది. ఆపేసి మళ్ళీ వేశాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను. తిట్టాను. ఏం చేసినా అదే మాట. బస్సెక్కితే చార్జీ కట్టే కార్డు కూడా ఆ సిమ్‌కే ముడిపడి ఉందాయె. చార్జీ పెట్టెకి ఫోను ఎన్నిసార్లు ఆనించినా కూత లేదు. డ్రైవరు నన్ను పైనుంచి కిందకి చూసి, “దిగండి పెద్దమ్మా, వెనక జనం ఉన్నారు” అన్నాడు. పుట్టి పెరిగిన బుచోన్ ఊళ్ళో బస్సులోంచి దింపేస్తే ఇంటిదాకా కాళ్ళీడ్చుకుంటూ నడిచాను.

పక్కింటావిడ ఫోను అడుక్కుని కంపెనీకి చేశాను. ముందొక యంత్రం గొంతు పలికింది. “ప్రియమైన వినియోగదారు గారూ, మిమ్మల్ని ప్రేమిస్తున్నాం.” ప్రేమ సంగతి తర్వాత, ముందు మనిషిని పిలవవే అని అరిచాను. దానికి అర్థం కాలేదట, మళ్ళీ చెప్పమంది. చాలాసేపు పాటలు వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

“మేడమ్, ఆ లైను ప్యో గ్వాంగ్‌షిక్ గారి పేరు మీద ఉందండీ. సొంతదారు గారే వచ్చి కొత్త సిమ్‌లోకి మార్పించుకున్నారు.”

“ఆ నంబరు నాదమ్మా. ఇన్నేళ్ళుగా నా చేతిలో ఉంది.”

“అవునండీ. కానీ సొంతదారు గారు...”

“దాన్ని పొద్దస్తమానం వాడింది నేనా, ఆయనా?”

“మీ ఇబ్బంది అర్థమైందండీ. సొంతదారు గారిని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సొంతదారు గారు నా మొగుడు. మేం విడిగా ఉండబట్టి ఏడాది కావస్తోంది. వచ్చే సోమవారం కుటుంబ కోర్టులో ఇద్దరం నిలబడి ‘మాకొద్దు’ అని చెబితే ఆ బంధమూ తెగిపోతుంది. బస్సు డిపోలో జనాన్ని అదిలించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఆయన. ఇంట్లో అదిలించడానికి ఎవరూ మిగల్లేదని నా ఫోను మీద పడ్డాడు.

మరి నా నంబరు ఆయన పేరు మీద ఎందుకుంది అంటారా? ఇక్కడ సగం మంది ఆడవాళ్ళు చేసిన తెలివితక్కువ పనే నేనూ చేశాను. ఇంటి ఇంటర్నెట్టూ, టీవీ, అందరి ఫోన్లూ ఒకే కట్టగా తీసుకుంటే తగ్గింపు అన్నారు. కౌంటరు కుర్రాడు “ఇంటి పెద్ద పేరు మీద పెట్టేద్దాం, సులువు” అన్నాడు. ఇంటి పెద్ద మీసం లేకపోయినా మీసం దువ్వుకున్నంత పని చేసి సంతకం పెట్టాడు. నేను పక్కన నిలబడి ఉచితంగా ఇచ్చిన టిష్యూ పెట్టె పట్టుకున్నాను. ఆ రోజు నుంచీ, ఈ దేశంలో ఏ తెర ముందు నిలబడి ‘నేను నేనే’ అని చెప్పాలన్నా ఆ నంబరుకి ఆరంకెలు రావాలి, అవి కొట్టాలి. బ్యాంకుకీ అదే, ఆసుపత్రికీ అదే, పార్సిలుకీ అదే. అలా ఇన్నేళ్ళూ నేను ప్యో గ్వాంగ్‌షిక్‌నన్నమాట.

ఆటలో కూడా.

ఆట అంటే నవ్వకండి. మా ఆయన నవ్వాడు, చూస్తున్నారుగా ఏమైందో. పద్నాలుగేళ్ళ కిందట మోకాలు విరిగి మంచానపడ్డప్పుడు కాలక్షేపానికి మొదలుపెట్టాను. కోటలూ, దళాలూ, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముట్టడి. నా బొమ్మ పేరు ‘ఇనపగుండిగ’. మా దళం పేరు ‘వేడన్నం’. దానికి నేనే దళపతిని. నలభై మందికి పైగా ఉంటారు. చేపల లారీ తోలేవాడూ, ఆసుపత్రి నర్సూ, ద్రాక్షతోట రైతూ, రకరకాల వాళ్ళు. అందరూ నన్ను ‘అన్నా’ అంటారు. ఖాతా మగవాడి పేరు మీద ఉంది కాబట్టి బొమ్మ పక్కన ‘పురుషుడు’ అని రాసుంటుంది. నేను మగవాణ్ణని ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఎంతసేపూ మాటలు టైపు చేసేదాన్ని కాబట్టి గొంతు విన్నవాళ్ళు లేరు. పొద్దున కళ్ళు తెరవగానే “అన్నం తిన్నారా?” అని రాస్తే, వరుసగా “తిన్నాం అన్నా”, “ఇంకా లేదన్నా” అని వచ్చేవి. ఇంట్లో ఆ ప్రశ్న నన్నడిగిన నోరు ఒక్కటీ లేదు.

బుధవారం సెలవు పెట్టి ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. కౌంటరులో పిల్ల మొహం ఎత్తకుండానే “ఎవరి పేరు మీద, పెద్దమ్మా? అంకుల్ గారి పేరు మీదా?” అంది.

“నా పేరు మీద! పాంగ్ సుల్యే! రాసుకో! ఇంకెవరి పేరూ ఆ కాగితం మీద కనపడకూడదు.”

దుకాణమంతా తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను.

కొత్త నంబరుతో బ్యాంకుని ఒప్పించేసరికి గురువారం గడిచింది. దళం వాళ్ళ కబుర్ల గది పాత నంబరుకి ముడిపడి ఉంది కాబట్టి అది పోయింది. వాళ్ళ అసలు పేర్లు నాకు తెలియవు, ఫోన్లు తెలియవు. ఆటలోకి వెళ్ళడమొక్కటే దారి. శుక్రవారం పని అవగానే రైలు స్టేషను పక్కన, గంటకింతని కట్టి కంప్యూటర్లో ఆటలాడుకునే పీసీ గదికి వెళ్ళి, కుర్రాళ్ళ మధ్య ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. పేరు కొట్టాను, రహస్యపదం కొట్టాను. ‘మంగళవారం మార్చబడింది’ అని వచ్చింది. మళ్ళీ మార్చాలంటే ఆరంకెలు పాత నంబరుకే వెళ్తాయి. ఆ నంబరెవరి దగ్గరుందో నాకు తెలుసు.

ఆట కంపెనీకి రాశాను. చిటికెలో జవాబు వచ్చింది, మనిషి రాసింది కాదు. ‘ఖాతా సొంతదారు ప్యో గ్వాంగ్‌షిక్ గారు ఇప్పటికే ధ్రువీకరించుకున్నారు. మీరు వేరొకరి ఖాతా వాడి ఉంటే అది నియమాలకు విరుద్ధం. హాయిగా ఆడుకోండి.’ హాయిగా ఆడుకోవాలట! పక్క కుర్చీ కుర్రాడు నేను పళ్ళు నూరడం విని కొంచెం అవతలికి జరిగాడు.

సరే, నా కొత్త నంబరుతో, నా పేరుతో కొత్త ఖాతా తెరిచాను. ‘ఇనపగుండిగ’ అంటే ఆ పేరు ఇంకొకరు వాడుతున్నారంది. ఆ ఇంకొకరు నేనే మొర్రో అంటే వినేదెవరు? ‘గరిటె’ అని పెట్టాను. లెవెల్ ఒకటి. ఒంటి మీద గోనెగుడ్డ, చేతిలో కర్ర. ఆ అవతారంలో మా కోటకి పరుగెత్తాను.

కోట ముంగిట్లో నేను నిలబడి ఉన్నాను. అదే, నా బొమ్మ. ఏళ్ళ తరబడి నేను తొడిగిన బూడిదరంగు అంగీ తీసేసి, బంగారు కవచం, నెత్తిన ఎర్ర ఈకలు తగిలించాడు. పెళ్ళికి వెళ్ళే కోడిపుంజులా ఉంది. చుట్టూ మావాళ్ళు. “అన్నా, కొత్త కవచం అదిరింది”, “అన్నా, ఈ వారం ఏంటి ఒక్కసారి కూడా అన్నం తిన్నారా అని అడగలేదు?” అని రాస్తున్నారు. వాడు “ఆ ఆ, మీ పని మీరు చూసుకోండి” అని కొడుతున్నాడు.

వాడికి మాత్రమే కనిపించేలా రాశాను. “గ్వాంగ్‌షిక్, నువ్వేనా?” ముప్ఫై ఏళ్ళు ‘మీరు’ అన్న నోరు ఆ రోజు ‘నువ్వు’ అంది. తిరిగి ‘మీరు’లోకి వెళ్ళలేదు.

“ఎవర్రా నువ్వు? లెవెల్ ఒకటి గాడివి, నా పేరు పట్టి పిలుస్తావా?”

“సుల్యేని. నా బొమ్మ నాకిచ్చెయ్.”

నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. “ఓహో, నువ్వా! నీ బొమ్మెక్కడిదే? నా నంబరు, నా పేరు. ఇన్నాళ్ళూ బొమ్మలాటలు అని తీసిపారేశాను గానీ, భలే ఉంది ఇక్కడ. నలభై మంది అన్నా అన్నా అంటున్నారు. డిపోలో కూడా ఇంత మర్యాద లేదు.”

“వాళ్ళు అంటున్నది నన్ను.”

“ఏడిశావ్‌లే. కావాలంటే ఇంటికొచ్చి నెమ్మదిగా అడుగు. కోర్టూ గీర్టూ మానెయ్. అప్పుడు ఆలోచిస్తా. అన్నట్టు త్వరగా రా. ఆదివారం ముట్టడి అయ్యాక ఈ దళాన్ని ‘సింహగర్జన’ దళంలో కలిపేస్తున్నా. వాళ్ళ దళపతి ఎంత పెద్దమనిషనుకున్నావ్! నన్ను ఛైర్మన్ గారూ అంటున్నాడు.”

కలిపేస్తే ‘వేడన్నం’ అనే పేరు చెరిగిపోతుంది. సింహగర్జన వాళ్ళకి బలమైనవాళ్ళే కావాలి. మిగతావాళ్ళని మర్నాడే గెంటేస్తారు. నర్సు, రైతు, అందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. ఇక వాళ్ళని వెతికి పట్టుకోవడం నావల్ల కాదు. దళపతి ఒక్క మీట నొక్కితే చాలు, ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ఆ మీట డిపో గ్వాంగ్‌షిక్ వేలి కింద ఉంది.

‘ఎండుచేప’ని పట్టుకున్నాను. మోక్‌పో రేవు నుంచి చేపల లారీ తోలుతాడు, దళంలో నా తర్వాత వాడే. ఉన్నదంతా రాశాను. మొగుడి సంగతి, సిమ్ సంగతి, నేను ఆడదాన్నన్న సంగతి.

“పిన్నిగారూ, మీరెవరో గానీ కథ బాగుంది. పోయిన నెల కూడా ఒకడొచ్చి నేనే గుండిగన్నని, ఖాతా పోయింది, కాస్త సామాన్లివ్వు అన్నాడు. అన్న మగవాడండీ. ఖాతా మీద ధ్రువీకరించిన గుర్తుంది.”

“ఆ గుర్తు ఫోనుకి వేసిందిరా, మనిషికి కాదు!”

“మరి రుజువేంటి?”

“నీ లారీ బ్రేకులు పోయినప్పుడు తెల్లారేదాకా నీతో మాట్లాడుతూ కూర్చున్నదెవరు?”

“అది కబుర్లలో ఉంది. ఎవడైనా చదివి చెప్పొచ్చు. దయచేసి వెళ్ళండి, అన్నని తిడితే ఊరుకోను.” నన్ను అడ్డేశాడు. ఇంక నేనేం రాసినా వాడికి కనిపించదు. నా మీద అభిమానంతోనే నన్ను గెంటాడు వెధవ. ఏడవాలో తన్నాలో తెలియక మెషీన్లో నూడుల్సు తెచ్చుకుని తిన్నాను. ఉప్పగా, దరిద్రంగా ఉన్నాయి.

శనివారమంతా ఇంకా ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని చెప్పి చూశాను. అందరిదీ అదే పాట.

ఆదివారం మధ్యాహ్నం ముట్టడి మొదలైంది. పీసీ గదిలో అదే కుర్చీ. మా కోట గేటు మీద ఎదుటి దళం విరుచుకుపడింది. మా బంగారు కోడిపుంజు బురుజెక్కి “దాడి! ముందుకు! వెనక్కి తగ్గినవాణ్ణి తీసేస్తా!” అని రాస్తున్నాడు. బస్సుల్ని తోలినట్టు మనుషుల్ని తోలుతున్నాడు. దెబ్బలు తిని ప్రాణం అడుగంటినవాళ్ళని కూడా గేటు మీదకే పంపుతున్నాడు. వాళ్ళు గేటు దగ్గర పడిపోతున్నారు. వెనక వైద్యం చేసే పిల్ల, ‘పగటికునుకు’ అని ఆసుపత్రి నర్సు, ఎవరికి ముందు మందు వెయ్యాలో తెలియక గిరగిరా తిరుగుతోంది. నిండు ప్రాణంతో ఉన్నవాళ్ళు ఆ పిల్ల చుట్టూ గుమిగూడి దారి మూసేశారు. రైతు పడిపోయాడు. ఎండుచేప “అన్నా, ఏం చెయ్యమంటావ్? అన్నా!” అని రాస్తున్నాడు. బురుజు మీద ఈకలు మాత్రం ఊగుతున్నాయి.

నేను ముంగిట్లో గోనెగుడ్డతో నిలబడి రాస్తున్నదేదీ ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. ఎటునుంచో ఒక బాణం తగిలి చచ్చాను. మళ్ళీ పుట్టి ఊరి చివరి నుంచి పరుగెత్తుకొచ్చాను. మళ్ళీ చచ్చాను. మూడోసారి పరుగెత్తేటప్పుడు నాకు తిక్క రేగింది. ఆ ఆటలో మైకు మీట నొక్కితే కోట దరిదాపుల్లో ఉన్న అందరికీ గొంతు వినిపిస్తుంది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ నొక్కలేదు. నొక్కాను. బడి భోజనాల గదిలో పిల్లల కేకల మీదుగా రోజూ ఎలా అరుస్తానో అలా అరిచాను.

“ఖాళీ గిన్నెలు ముందుకు! నిండు గిన్నెలు పక్కకి జరగండి! తోసుకోవద్దు, అందరికీ ఉంది!”

పీసీ గదిలో సగం మంది లేచి నిలబడ్డారు. తెర మీద మాత్రం ఒక్క క్షణం ఏదీ కదల్లేదు. తర్వాత కదిలింది. ప్రాణం అడుగంటినవాళ్ళు గేటు వదిలి పగటికునుకు ముందుకి వచ్చి నిలబడ్డారు. నిండుగా ఉన్నవాళ్ళు రెండు పక్కలకీ విడిపోయి గేటు దగ్గరికి వెళ్ళారు. ప్రతి ఆదివారం నేను రాసే మాటే అది. మా దళానికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఎవరరిచారో ఆలోచించే లోపే వాళ్ళ కాళ్ళు కదిలాయి.

“పగటికునుకూ, ఎడమ నుంచి వడ్డించు! చిన్నవాళ్ళకి ముందు! ఎండుచేపా, గేటు దగ్గర కుర్రాళ్ళని వెనక్కి లాగు, నువ్వు నిలబడు!”

అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. నా మొగుడిది. “ఎవరే ఆ ఆడది? తీసెయ్యండి దాన్ని! ఇక్కడ దళపతిని నేను! ధ్రువీకరించిన ఖాతా నాది!”

గేటు దగ్గర కత్తి తిప్పుతూనే ఎండుచేప కూడా మైకు తెరిచాడు. దక్షిణాది యాస, పొగతాగే గొంతు. “అన్నా, ఒక్కమాట. ఖాళీ గిన్నెలంటే ఏంటన్నా?”

“ఏం గిన్నెల్రా? యుద్ధంలో గిన్నెలేంటి, నీ మొహం! ముందుకు పదండి!”

ఎండుచేప బురుజుకి వీపు తిప్పి, “గరిటె గారూ, కుడి గోడ పలచబడింది. ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

“రైతుని పంపు. వాడికి వైద్యం అయిందా? అయితే వాడితో ఇద్దర్ని. మొద్దులా చూస్తావేం, పో!”

“ఆ తిట్టు అన్నదే” అని ఎవరో రాశారు.

నిలబడ్డాం. ముట్టడి గంట మోగేసరికి కోట మాదే. నేను మాత్రం ఇంకోసారి చచ్చి, ఊరి చివర కర్ర పట్టుకుని ఉన్నాను.

గ్వాంగ్‌షిక్ బురుజు దిగి, “చూశారా నా సత్తా! ఇప్పుడు సింహగర్జనలో కలుస్తున్నాం, అందరూ సిద్ధం కండి” అని రాశాడు. తెర కింద ఒక వాక్యం పడింది. ‘ఎండుచేప దళం వదిలి వెళ్ళారు.’ తర్వాత ‘పగటికునుకు దళం వదిలి వెళ్ళారు.’ తర్వాత రైతు. ఆ తర్వాత పేర్లు చదవలేనంత వేగంగా పడ్డాయి. కోట దళానిది, దళం వదిలితే కోటా వదులుకోవాల్సిందే. ఇన్నేళ్ళు కాపాడిన కోటని, అప్పుడే గెలిచిన కోటని వదిలేసి, గేటు తీసుకుని అందరూ బయటికి నడిచారు. ఊరి చివర నా గోనెగుడ్డ బొమ్మ చుట్టూ వచ్చి నిలబడ్డారు.

కోటలో ఈకలు ఒంటరిగా అటూ ఇటూ తిరగడం దూరం నుంచి కనిపిస్తోంది. సింహగర్జన దళపతి అందరికీ కనిపించేలా రాశాడు. “ఛైర్మన్ గారూ, నలభై మంది అన్నారు కదా? ఒక్కరే ఉన్నారేంటి? అయితే వద్దులెండి.”

కొత్త దళం పెట్టాలంటే లెవెల్ ముప్ఫై ఉండాలి. ఎండుచేప పెట్టాడు, పేరు మళ్ళీ ‘వేడన్నం’ కుదరక ‘చద్దన్నం’ అని పెట్టాడు. “మీరు ముప్ఫైకి వచ్చేదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతాం” అని, “మొన్న అడ్డేసినందుకు తిట్టండి” అన్నాడు. నాలుగు తిట్టాను. ఎంతో తేలికపడ్డాడు. పగటికునుకు మైకులో, “ఇంతకీ మిమ్మల్నేమని పిలవాలి? అన్నా అని అలవాటైపోయింది” అంది.

“పాంగ్ సుల్యే. పేరు పెట్టి పిలవండి. దాన్నెవరూ వాడక తుప్పు పట్టింది.”

“సుల్యే అక్కా,” అంది ఆ పిల్ల, “అన్నం తిన్నారా?”

మొహం తెరకి దగ్గరగా పెట్టుకున్నాను. పక్క కుర్చీ కుర్రాడు చూస్తున్నాడని, “తిన్లేదు! మీవల్ల ఎక్కడ తిన్నాను!” అని కసిరాను.

సోమవారం కోర్టు వరండాలో గ్వాంగ్‌షిక్ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. చేతిలో నా పాత నంబరున్న ఫోను మోగుతోంది. ఆపాడు. మళ్ళీ మోగింది.

“పొద్దున్నుంచీ ఇదే,” అన్నాడు. “బడి నుంచి ఆహార అధికారిట, కిమ్చీ పచ్చడి ఎక్కడ పెట్టావని. పార్సిలువాడు. మీ చెల్లెలు. పళ్ళ డాక్టరు. అందరికీ నువ్వే కావాలి. ఒక్కరు కూడా నన్నడగరు. నిన్న ఆ ఆటలో కూడా... నేనేం తప్పు చేశానే? నా పేరు మీద ఉన్నదే కదా తీసుకున్నాను.”

అరవడానికి నోరు తెరిచాను. ఆయన మొహంలో నిజంగానే అర్థంకాని చూపు ఉంది, దాంతో నా కోపం ఇంకా పెరిగింది. లోపల గుమాస్తా మా పేర్లు పిలిచాడు, ముందు ఆయనది, తర్వాత నాది.

గ్వాంగ్‌షిక్ గబగబా సిమ్ ఊడదీసి చెయ్యి చాపాడు. “ఇదిగో, పట్టుకుపో. మార్పించి నీ పేరు మీదే పెడతాను. నాకొద్దు ఈ గోల. నీ కొత్త నంబరేదో చెప్పు.”

“నాకూ వద్దు,” అన్నాను. “అది నీ పేరు మీద ఉంది. మోగినప్పుడల్లా ఎత్తి, సుల్యే ఇక్కడ లేదని చెప్పు.”

గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళాను. గుమాస్తా దాన్ని చూసి, నన్ను చూసి, “పాంగ్ సుల్యే గారు మీరేనా?” అన్నాడు.

“నేనే,” అన్నాను, వరండా దాకా వినపడేలా.